పంచదార, దాని పక్కదారులు

కాఫీలో పంచదార మానేసి బిళ్ళ వేసుకునేవాళ్ళు కొందరు. ఆ బిళ్ళలో ఏం కలుపుతారోనని బెల్లానికి మళ్ళినవాళ్ళు ఇంకొందరు. బెల్లమూ వద్దు, తేనె అయితే ప్రకృతి ఇచ్చింది కదా అనేవాళ్ళు మరికొందరు. ఇవాళ ఈ మూడు రకాలవాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఎవరి ఫోనుకు వచ్చే హెచ్చరికలు వాళ్ళవి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారనీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్క తేల్చింది. కాబట్టి ఏ తీపి ఏం చేస్తుందన్నది కాలక్షేపం కబురు కాదు. తీపి పేరు విని భయపడడం కంటే, రోజుకు ఎంత లోపలికి పోతోందో లెక్క చూసుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. కింది విశేషాలన్నీ ఆ నమ్మకంతో ఏరినవే.

ముందు పంచదార సంగతి

పంచదార సుక్రోజ్. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేయి చేయి పట్టుకుంటే సుక్రోజ్ అవుతుంది. పేగుల్లోకి రాగానే ఆ జంట విడిపోతుంది. గ్లూకోజ్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, దాన్ని సర్దడానికి ఇన్సులిన్ వస్తుంది. ఫ్రక్టోజ్‌ను మాత్రం ఎక్కువగా కాలేయమే చూసుకోవాలి. మోతాదు మించితే ఆ మిగులు కొవ్వుగా మారి కాలేయంలోనే పేరుకుంటుంది. మద్యం ముట్టనివాళ్ళకు కూడా ఫ్యాటీ లివర్ రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

రోజు మొత్తం శక్తిలో అదనపు చక్కెరల నుంచి వచ్చేది పదో వంతు లోపే ఉండాలనీ, ఇరవయ్యో వంతుకు దించితే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పెద్దవాళ్ళకు అది సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ 25 గ్రాముల గీతే గీశాయి. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో ఉండే పంచదార సుమారు 32 గ్రాములు. ఒక్క సీసాతో రోజు కోటా దాటిపోతుంది, అప్పటికి కాఫీ, టీ, సాయంత్రం బిస్కెట్లు ఇంకా మొదలే కాలేదు.

అమెరికా మొక్కజొన్న పాకం

అమెరికాలో ఉన్న మన పిల్లలు ‘ఇక్కడి కోక్‌లో పంచదార కాదు, కార్న్ సిరప్ వేస్తారు’ అని చెప్పడం వినే ఉంటారు. దీని కథ 1957లో మొదలవుతుంది. గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చే ఎంజైమ్‌ను రిచర్డ్ మార్షల్, ఎర్ల్ కూయి అనే శాస్త్రవేత్తలు ఆ ఏడు లోకానికి చూపించారు. 1960లలో జపాన్‌లో యోషియుకి తకసాకి ఆ పద్ధతిని ఫ్యాక్టరీకి పనికొచ్చేలా మలిచారు. అమెరికాలో మొక్కజొన్న కావలసినంత పండుతుంది, పైగా దిగుమతి పంచదార మీద ఆంక్షలు. దాంతో పాకం చవకై కూర్చుంది. కోకాకోలా 1980లో దాన్ని కొంత కలపడం మొదలుపెట్టి, 1984 నాటికి అమెరికాలో పూర్తిగా దానికే మారింది.

అమెరికన్ల ఊబకాయానికి ఈ పాకమే కారణం కావచ్చని 2004లో జార్జ్ బ్రే బృందం ఒక వ్యాసంలో అనుమానించింది. అనుమానం నిమిషాల మీద ‘నిజం’ అయిపోయింది. అంకెలు చూస్తే మాత్రం విషయం వేరు. శీతల పానీయాల్లో వాడే రకంలో ఫ్రక్టోజ్ నూటికి 55 పాళ్ళు, పంచదారలో 50. తేడా ఆ అయిదే. ఒకే మోతాదులో ఇచ్చి పోల్చిన ప్రయోగాల్లో రెండూ ఒంటి మీద దాదాపు ఒకేలా పనిచేశాయి. 1999 తర్వాత అమెరికాలో ఈ పాకం వాడకం తగ్గుతూ వచ్చింది, ఊబకాయం మాత్రం పెరుగుతూనే పోయింది.

అలాగని దాన్ని నిర్దోషి అని వదిలెయ్యలేం. ఎంత చవకైతే అంత విరివిగా పోస్తారు. బ్రెడ్డులోనూ, టమాటా కెచప్‌లోనూ, సలాడ్ మీద పోసే పులుసుల్లోనూ తీపి దూరింది అలాగే. చెడ్డపేరు మోయలేక మొక్కజొన్న పాకం తయారీదారులు దాన్ని ‘కార్న్ షుగర్’ అని పిలుచుకోనివ్వమని అడిగితే, అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో కుదరదంది. 2025లో కోకాకోలా అక్కడ చెరకు పంచదార కోక్‌ను కూడా మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో కోక్ ఎప్పటినుంచో పంచదారతోనే వస్తోంది. అందువల్ల మన కాలేయాలకు ఒరిగిందేమీ లేదు.

వేళ్ళు నాకి కనిపెట్టినవి

కృత్రిమ తీపి పదార్థాల్లో చాలావాటిని ఎవరూ వెతికి పట్టుకోలేదు. లాబొరేటరీ శుభ్రతలో జరిగిన లోపాలే వాటిని ఇచ్చాయి. 1879లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇరా రెమ్సెన్ దగ్గర తారు నుంచి తీసిన రసాయనాల మీద పనిచేస్తున్న కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్, రాత్రి భోజనంలో చేతులు తియ్యగా తగిలి ఉలిక్కిపడ్డాడు. అదే శాకరిన్. 1937లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్వేదా కాలుస్తున్న సిగరెట్టు తియ్యగా తగిలింది. అది సైక్లమేట్. 1965లో జేమ్స్ ష్లాటర్ కడుపు పుండ్ల మందు కోసం పనిచేస్తూ, కాగితం తియ్యడానికి వేలు తడి చేసుకున్నాడు. అది ఆస్పర్టేమ్. 1967లో జర్మనీలో కార్ల్ క్లాస్ వేలికి అంటింది ఏసిసల్ఫేమ్.

సుక్రలోజ్ కథలో మనవాడున్నాడు. 1976లో లండన్ క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో ప్రొఫెసర్ లెస్లీ హఫ్ దగ్గర పనిచేస్తున్న శశికాంత్ ఫడ్నీస్‌కు, కొత్తగా చేసిన ఒక క్లోరిన్ చక్కెరను ‘టెస్ట్’ చెయ్యమని ఆదేశం వచ్చింది. ఆయనకు ‘టేస్ట్’ అని వినిపించింది. నాలుక మీద వేసుకున్నాడు. అది పంచదార కంటే 600 రెట్లు తీపి. క్లోరిన్ కలిపిన చక్కెరలు విషం కూడా కావచ్చు, ఆయన బతికి బయటపడడం అదృష్టమే.

శాకరిన్, ఎలుకలు

ఎండాకాలంలో వీధిలోకి పుల్ల ఐసు బండి వస్తే ‘శాకరిన్ వేస్తారు, గొంతు పట్టేస్తుంది’ అని పిల్లల్ని లోపలికి లాగిన తల్లుల తరం మనది. మొదటి ప్రపంచ యుద్ధంలో పంచదార దొరకని ఐరోపాను ఆదుకున్నది ఈ శాకరినే. 1970లలో దాన్ని మేపిన మగ ఎలుకలకు మూత్రాశయ కేన్సర్ కనిపించింది. 1977లో ఎఫ్‌డీఏ నిషేధిస్తానంది. మధుమేహ రోగులు గోల పెట్టారు, అమెరికా కాంగ్రెస్ నిషేధాన్ని ఆపి హెచ్చరిక లేబుల్‌తో సరిపెట్టింది. తర్వాత అసలు కారణం బయటపడింది. ఎలుక మూత్రంలోని ప్రత్యేక పరిస్థితుల్లో, భారీ మోతాదు శాకరిన్ వల్ల సన్నటి స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయం పొరను గీకేస్తున్నాయి. మనిషి మూత్రంలో ఆ పరిస్థితి లేదు. 2000లో హెచ్చరిక తీసేశారు.

అయినా మన తల్లుల జాగ్రత్త వృథా కాదు. పుల్ల ఐసులో భయపడవలసింది నీళ్ళ శుభ్రతకు. తెలంగాణలో పట్టుబడిన కల్తీ కల్లు సరుకులో మత్తుమందుల పక్కన శాకరిన్ పొట్లాలు కూడా ఉన్నాయి. అసలు కల్లు లేని చోట కల్లు తీపిని నటించడం దాని పని. ఇక తియ్యటి వక్కపొడిలో, పాన్ మసాలాలో శాకరిన్ వాడడానికి మన చట్టమే ఒప్పుకుంది.

డైట్ డబ్బాల లెక్క

2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ను ‘మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు’ అన్న 2బి జాబితాలో చేర్చింది. టీవీల్లో ఆ ఒక్క మాటే మోగింది. ఆ జాబితా ఉద్దేశం ఆధారాలు ఎంత గట్టివో చెప్పడం వరకే, ప్రమాదం ఎంత పెద్దదో అది చెప్పదు. కలబంద ఆకు సారం కూడా అందులోనే ఉంది. పొగాకు, మద్యం పైనున్న మొదటి జాబితాలో ఉన్నాయి. అదే రోజు మరో నిపుణుల సంఘం ఆస్పర్టేమ్ పరిమితిని మార్చకుండా కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల దగ్గరే ఉంచింది. 60 కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు. డైట్ కోలా డబ్బాకు 200 నుంచి 300 మిల్లీగ్రాములుంటే, ఆ హద్దు దాటడానికి రోజూ ఎనిమిది నుంచి పన్నెండు డైట్ డబ్బాలు తాగాలి.

ఒక్క జబ్బువాళ్ళకు మాత్రం ఇది నిజంగా విషమే. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన లోపం ఉన్నవాళ్ళు, ఆస్పర్టేమ్ విడిపోతే వచ్చే ఫినైలలనైన్‌ను అరాయించుకోలేరు. అది మెదడును దెబ్బతీస్తుంది. డైట్ కోలా డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఉండే హెచ్చరిక వాళ్ళ కోసమే. మన దేశంలో దాని పక్కనే ‘పిల్లలకు సిఫార్సు చెయ్యడం లేదు’ అని కూడా ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ చదవడం లేదు, పెళ్ళి విందుల్లో చిన్నపిల్లల చేతుల్లో ఆ డబ్బాలు చూస్తుంటే బాధేస్తుంది.

(వంటింటి సంగతి ఒకటి: ఆస్పర్టేమ్ వేడికి విరిగిపోయి తీపి పోగొట్టుకుంటుంది. పాయసానికి పనికిరాదు.)

నేను నిజంగా పట్టించుకునేవి

కేన్సర్ భయం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి మరో మూడు నాలుగు ఉన్నాయి. బరువు తగ్గడం కోసం ఈ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. దీర్ఘకాలంలో వాటివల్ల కొవ్వు తగ్గుతున్న దాఖలా లేదు, పైగా ఎక్కువగా వాడేవాళ్ళలో మధుమేహం, గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అవి తీపి బిళ్ళల వల్ల వచ్చాయా, లేక అప్పటికే బరువు పెరిగినవాళ్ళు బిళ్ళలకు మారారా అన్నది తేలలేదు. ఈ సలహా ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకు ఉద్దేశించినది కాదని కూడా అందులోనే రాశారు. వార్తల్లో ఆ వాక్యం ఎగిరిపోయింది.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2022లో, అంతకుముందు ఇలాంటివి ముట్టని 120 మంది ఆరోగ్యవంతులకు అనుమతించిన హద్దు లోపలి మోతాదుల్లోనే ఇచ్చి చూసింది. రెండు వారాల్లో శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవాళ్ళలో గ్లూకోజ్‌ను సర్దుకునే శక్తి దెబ్బతింది. పేగుల్లోని సూక్ష్మజీవుల తీరు మారిపోయింది. ఆ మార్పు అందరిలో ఒకేలా లేదు. మరుసటి ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, రక్తంలో ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం ఎక్కువున్నవాళ్ళకు తర్వాతి మూడేళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చాయని చూపించారు. అది మన ఒంట్లో కూడా కొంత తయారవుతుంది కాబట్టి నేరం తిన్నదానిదేనని చెప్పలేం. అయితే 30 గ్రాములు కలిపిన పానీయం తాగిన వాలంటీర్ల రక్తంలో దాని మోతాదు రెండు రోజులకు పైగా ఎక్కువగానే ఉండిపోయింది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఎరిత్రిటాల్ కలిపే ‘కీటో’ ఐస్‌క్రీములు కొనేముందు ఇది తెలుసుకుని తీరాలి.

మరోవైపు చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం టైప్-2 మధుమేహం ఉన్న 179 మందితో ఒక పరీక్ష జరిపింది. కాఫీ, టీల్లో పంచదార బదులు 12 వారాలు సుక్రలోజ్ వాడినవాళ్ళకు బరువు, నడుము కొలత కొద్దిగా తగ్గాయి. మూడు నెలల సగటు షుగర్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు, చెడూ జరగలేదు. కాబట్టి షుగర్ ఉన్న తాతగారు పొద్దున్న కాఫీలో ఒక బిళ్ళ వేసుకుంటే ఇంటిల్లిపాదీ ఆయన మీద విరుచుకుపడనవసరం లేదు. పదేళ్ళ మనవడి పాలల్లో అదే బిళ్ళ వేస్తే మాత్రం అడ్డుపడాలి.

బెల్లం, తేనె: చుట్టాలే

ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. ‘బెల్లం అయితే షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చు’ అన్న మాట మన ఇళ్ళల్లో చేస్తున్న హాని, ఆస్పర్టేమ్ చేస్తున్నదానికంటే ఎక్కువ అని నా అభిప్రాయం. బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్ళు సుక్రోజే, మిగతాదాంట్లో కొంత విడి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఇనుము ఉన్నమాట నిజమే. ఆ ఇనుముతోనే ఒక ఆడమనిషి రోజు అవసరం తీరాలంటే అర కిలోకు పైగా బెల్లం తినాలి.

అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డులో దిమ్మలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. చెరకు రసం పెనంలో మరుగుతున్నప్పుడు పైకి తేలే మడ్డిని తీసెయ్యడానికి వెనకటి నుంచి బెండ కాడల జిగురు వాడేవారు. అలా దిగిన బెల్లం గోధుమరంగులోనో, ఇంకొంచెం నల్లగానో ఉంటుంది. కొనేవాళ్ళు పసుప్పచ్చగా మెరిసేదాన్నే ఏరుకుంటున్నారని, రైతులు రంగు కోసం ‘హైడ్రోస్’ కలపడం నేర్చుకున్నారు. అది సోడియం హైడ్రోసల్ఫైట్, బట్టల మిల్లుల్లో వాడే గంధకపు రసాయనం. మన మిల్లు పంచదారను తెల్లబరచేదీ గంధకమే. సున్నంతో పాటు సల్ఫర్ డయాక్సైడ్ వాయువును రసంలోకి పంపిస్తారు. రంగు చూసి కొనడం మానితే ఈ బాధలో సగం తగ్గుతుంది. నల్ల బెల్లమే అడిగి తెచ్చుకోండి, మితంగా తినండి.

తేనె విషయం ఇంకా బాధాకరం. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో 13 బ్రాండ్ల తేనెను పరీక్షకు పెట్టింది. జర్మనీ లాబొరేటరీలో చేసిన పరీక్షతో సహా అన్నిటిలోనూ నెగ్గినవి మూడే. మన మామూలు పరీక్షలకు దొరక్కుండా తయారుచేసిన చక్కెర పాకాలు కలుపుతున్నారని ఆ సంస్థ బయటపెట్టింది. పంచదార మానేసి తేనెకు వెళ్ళినవాళ్ళు తాగుతున్నది బియ్యం నుంచో, చెరకు నుంచో వచ్చిన పాకమన్నమాట. అసలైన తేనె అయినా ఏడాది నిండని పసిబిడ్డ నాలుకకు రాయకూడదు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఆ వయసు పేగుల్లో మొలిచి పక్షవాతం లాంటి స్థితి తేగలవు. పుట్టగానే తేనె నాకించే ఆచారం ఉన్న ఇళ్ళల్లో ఎవరో ఒకరు ధైర్యం చేసి ఈ మాట చెప్పాలి.

మరికొన్ని

రెండు చెంచాల తీపి ఉందని చెప్పే చిన్న పొట్లంలో అసలు తీపి పదార్థం చిటికెడు కూడా ఉండదు. మిగతాదంతా నింపుడు సరుకు, చాలా పొట్లాల్లో అది డెక్స్‌ట్రోజో, మాల్టోడెక్స్‌ట్రినో. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. ఒక పొట్లంతో నష్టం లేదు, రోజుకు పదిహేను వాడేవాళ్ళు మాత్రం వెనక్కి తిప్పి చదవాలి.

స్టీవియా ఆకును పరాగ్వేలో గ్వారానీ ప్రజలు తరతరాలుగా వాడుతున్నారు. మార్కెట్లో దొరికే తెల్లపొడి మాత్రం ఆ ఆకు నుంచి శుద్ధి చేసి తీసిన సారం. దానికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2015లో అనుమతి ఇచ్చింది.

రోమన్లు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రల్లో మరిగించి ‘సాపా’ అనే తియ్యటి పాకం తీసేవారు. ఆ తీపిలో కొంత సీసపు ఉప్పుది.

గుండెజబ్బులకు పంచదార కంటే కొవ్వే కారణమని చూపించే 1967 నాటి హార్వర్డ్ పరిశోధకుల సమీక్షకు డబ్బిచ్చింది అమెరికా పంచదార పరిశ్రమేనని 2016లో పాత ఉత్తరాలు బయటపెట్టాయి. ఎవరి తీపికి ఎవరు వకాల్తా పుచ్చుకుంటున్నారో చూసుకోవలసిన అవసరం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

బ్రిటన్‌లో యుద్ధకాలపు పంచదార రేషన్ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. తల్లి కడుపులోనూ, పుట్టాక మొదటి రెండేళ్ళలోనూ ఆ రేషన్ కింద గడిపినవాళ్ళకు పెద్దయ్యాక టైప్-2 మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, రక్తపోటు ముప్పు 20 శాతం తక్కువగా ఉందని 2024లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. ఈ వ్యాసంలో ఒకే ఒక్క అంకె గుర్తుంచుకోమంటే నేను ఆ 35 చూపిస్తాను, ఇంట్లో గర్భిణి గానీ పసిబిడ్డ గానీ ఉంటే మరీ.

విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్ అనుకుని తల్లులు తియ్యటి పానీయాల డబ్బాలు పట్టిస్తుంటే, ఆ పేరు వాడకాన్ని ఆపించడానికి హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. తీపి మించితే పేగుల్లోకి నీళ్ళు ఇంకా లాగి విరేచనాలు పెరుగుతాయి. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అని రాయడాన్ని నిషేధించింది. ఒక్క మనిషి పట్టుదల ఇంత పని చేసింది.

‘చక్కెర లేదు’ అని ముందువైపు పెద్దగా రాసిన బిస్కెట్ ప్యాకెట్‌ను తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో అంకెలు వెతకండి. 950 ఏసిసల్ఫేమ్, 951 ఆస్పర్టేమ్, 954 శాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 968 ఎరిత్రిటాల్. 965 కనిపిస్తే అది మాల్టిటాల్, షుగర్ ఫ్రీ మిఠాయిల్లో దీని వాడకం ఎక్కువ. గ్రాముకు రెండు కేలరీల దాకా ఇస్తుంది, రక్తంలో షుగర్‌ను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బరించి విరేచనం పట్టుకుంటుంది. 967 జైలిటాల్. చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉంటుంది, పళ్ళకు మంచిదే. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం దానికి అందని చోట పెట్టండి. మనిషిలో ఇన్సులిన్‌ను పెద్దగా కదిలించని జైలిటాల్ కుక్క ఒంట్లో దాన్ని ఒక్కసారిగా ఎగదోస్తుంది. షుగర్ పడిపోయి కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. తిన్నదని అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.